స్కీ ఆరోహణ

కాళ్లకు స్కీ పలకలు కట్టుకుని, లిఫ్టు సాయం లేకుండా మంచుకొండ ఎక్కి, పైనుంచి జారుతూ దిగే పద్ధతిని స్కీ ఆరోహణ లేదా స్కీ టూరింగ్ అంటారు. ఎక్కేటప్పుడు పలక అడుగున ‘స్కిన్’ అనే పట్టీ అతికిస్తారు. దాని నూగు ఒకే వైపు వాలి ఉంటుంది. అందువల్ల ముందుకు సులువుగా జరుగుతుంది, వెనక్కి జారబోతే మంచును పట్టుకుంటుంది. పూర్వం సీలు చర్మంతో చేసేవారు కాబట్టి ఆ పేరు నిలిచిపోయింది. ఇప్పుడు నైలాను, మోహెయిర్ వాడుతున్నారు. ఎక్కేంతసేపూ బూటు ముందు భాగం మాత్రమే బైండింగులో బిగిసి ఉంటుంది, మడమ లేస్తూ ఉంటుంది. పైకి చేరాక పట్టీ ఊడదీసి, మడమ కూడా బిగించి దిగుతారు.

మంచు బాగున్నప్పుడు ఇది ఒంటి బలంతో అయ్యే పని. బాగాలేనప్పుడు బలం కంటే చూపు ముఖ్యం. వాన పడి గడ్డకట్టిన వాలు మీద స్కిన్ పట్టు తప్పుతుంది. అప్పుడు పలక కింద లోహపు పళ్ల పట్టీ తగిలించాలి. తడి మంచయితే స్కిన్‌కు ఉండలుగా అంటుకుని ఒక్కో అడుగూ బరువెక్కుతుంది. అన్నిటికన్నా ప్రమాదకరమైనది గాలి తెచ్చిపెట్టే మంచు. ఒకవైపు వాలు నుంచి ఎగిరొచ్చిన మంచును గాలి రెండోవైపు అదిమి పలకలా పేరుస్తుంది. చూడ్డానికి గట్టిగా ఉంటుంది గాని కింది పొరతో దానికి అతుకు ఉండదు. 30 నుంచి 45 డిగ్రీల వాలుపై మనిషి బరువుకే అది విరిగి మంచుచరియగా జారవచ్చు. మబ్బు కమ్మినప్పుడు నేలా ఆకాశమూ ఒకే తెలుపులో కలిసిపోయి, కాలి ముందు వాలు ఉందో లోయ ఉందో తెలియదు.

మంచు తక్కువ పడిన ఏడాది ప్రమాదం తగ్గదు, చాలాసార్లు పెరుగుతుంది. పలచని పాత మంచు చలికి పంచదార పలుకుల్లా విడివిడిగా మారుతుంది. ఆ పలుకుల మీద ఆలస్యంగా భారీ మంచు పడితే పునాది లేని గోడ లేచినట్టే. 2024 జనవరిలో కశ్మీర్‌లోని గుల్మార్గ్ వాలులు బోడిగా కనిపించాయి. తర్వాత మంచు కురిసింది. ఫిబ్రవరి 22న మంచుచరియ విరిగిపడి ఒక విదేశీ స్కీయరు మరణించాడు. 2025లో అక్కడ జరగాల్సిన ఖేలో ఇండియా శీతకాల క్రీడలు మంచు చాలక మార్చికి వాయిదా పడ్డాయి.

హైదరాబాద్‌తో సంబంధం

సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉన్న హైదరాబాద్‌లో మంచు కురవదు. 1998లో సైబర్ టవర్స్ లేచిన మాదాపూర్ చుట్టూ ఉన్నది గ్రానైటు. దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి ఈ బండల్లో చాలావరకు భవనాల కోసం పిండి అయ్యాయి. ఖాజాగూడ గుట్టల్లాంటి చోట్ల మిగిలినవాటి మీద ఐటీ ఉద్యోగులు సెలవురోజుల్లో ఎక్కడం సాధన చేస్తారు. భువనగిరి ఏకశిల ఇంకా పెద్ద పాఠశాల. 2014 మే 25న, 13 ఏళ్ల 11 నెలల వయసులో ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ తొలి శిక్షణ అక్కడిదే. అయితే ఈ రాయి నేర్పేది తాడూ పట్టూ ధైర్యమూ మాత్రమే. మంచును చదవడం అది నేర్పలేదు. పూర్ణ బృందాన్ని తర్వాత డార్జిలింగ్‌కూ లద్దాఖ్‌కూ పంపింది అందుకే. డిసెంబరు సెలవుల్లో గచ్చిబౌలి నుంచి నేరుగా కేదార్‌కంఠ ట్రెక్కుకో గుల్మార్గ్ వాలులకో వెళ్లేవారు ఈ తేడా గమనించాలి.

మల్లి మస్తాన్‌బాబు

హైదరాబాద్ ఐటీ రంగం నుంచి మంచు శిఖరాలకు వెళ్లినవారిలో మొదట చెప్పవలసిన పేరు ఇది. నెల్లూరు జిల్లా గాంధీజనసంగంలో 1974లో పుట్టి, కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివారు. అదే బడి పూర్వ విద్యార్థి లెఫ్టినెంట్ ఎం.యు.బి.రావు 1985 సైనిక యాత్రలో ఎవరెస్టు సౌత్‌కోల్ దగ్గర తుఫానులో చిక్కి ప్రాణాలు కోల్పోయారు. మస్తాన్‌బాబుకు పర్వతాలపై ధ్యాస కలిగించింది ఆయన కథే. ఖరగ్‌పూర్ ఐఐటీలో చదివి, సత్యం కంప్యూటర్స్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీరుగా పనిచేసి, ఆ తర్వాత కలకత్తా ఐఐఎంలో చేరారు.

2006 జనవరి 19న అంటార్కిటికాలో విన్సన్ శిఖరం ఎక్కి, జులై 10న అలాస్కాలో డెనాలితో ముగించి, 172 రోజుల్లో ఏడు ఖండాల అత్యున్నత శిఖరాలూ పూర్తిచేశారు. ఒక్కో శిఖరం వారంలో ఒక్కో రోజున పడడం ఆ యాత్రలోని ముచ్చటైన విశేషం.

2015 మార్చిలో అర్జెంటీనా-చిలీ సరిహద్దులో 6,748 మీటర్ల ట్రెస్ క్రూసెస్ సుర్‌కు కాలినడకన ఒంటరిగా బయల్దేరారు. 24వ తేదీ తర్వాత జాడ తెలియలేదు. ఆ రోజుల్లోనే, ప్రపంచంలో అత్యంత పొడి ఎడారుల్లో ఒకటైన అటకామా మీద అరుదైన తుఫాను విరుచుకుపడింది. దిగువన కోపియాపో పట్టణాన్ని వరద ముంచెత్తింది. ప్రతికూల వాతావరణం గాలింపునకూ అడ్డుపడింది. ఏప్రిల్ మొదటి వారంలో ఆయన మృతదేహం కనిపించింది. నెలాఖరుకు సొంతూరు చేరింది. అప్పటికే అనేక ఆండీస్ శిఖరాలు చూసిన మనిషి ఆయన. పొడి కొండ అన్న పేరు విని వాతావరణం విషయంలో నిశ్చింతగా ఉండకూడదని ఆ మార్చి నెల చూపించింది.

సామగ్రి, సాధన

స్కీ ఆరోహకుడి దగ్గర బీకన్, పొడవాటి ప్రోబ్ కడ్డీ, పార తప్పనిసరి. బీకన్ 457 కిలోహెర్ట్జ్ సంకేతం పంపుతూ ఉంటుంది. ఎవరైనా పూడుకుపోతే మిగతావారు తమ బీకన్లను వెతికే స్థితికి మార్చి ఆ సంకేతం వెంట వెళ్తారు. మొదటి పావుగంట దాటితే బతికే అవకాశం వేగంగా పడిపోతుంది కాబట్టి, ఆదుకోవలసింది హెలికాప్టరు కాదు, పక్కనున్న తోడు. ఒంటరి యాత్రలో ఆ తోడే ఉండదు. మంచు లేనిచోట కూడా నేర్చుకోగల విద్య ఇది: సంచిలో చుట్టిన బీకన్‌ను ఆకుల కుప్పలోనో ఇసుకలోనో దాచి వెతికితే చాలు, హైదరాబాద్ మైదానమైనా సరిపోతుంది.