తన్ను తాను చూపుకొనిన చలనచిత్రము

మన ప్రాచీన నాటకములందు ప్రస్తావన యను భాగ మొకటి కలదు. సూత్రధారుడు నటితో రంగమున ప్రవేశించి, ఇప్పుడు ప్రదర్శింపబడునది ఫలానా కవి రచించిన నాటకమని సభకు విన్నవించును. కూచిపూడి భామాకలాపమున సత్యభామ తన జడను తెరపై వేసి ప్రవేశించునపుడు, ఆ తెర తెరగానే ప్రేక్షకునకు గోచరించును. ఇది ఆటయని చెప్పినందువలన రసభంగ మెన్నడును కలుగలేదు. చలనచిత్రము మాత్రము తన పరికరములను మరుగుపరచుటయే నేర్పుగా భావించెను. ఆ మరుగును తొలగించిన చిత్రములు కొన్ని కలవు. వానిలో మన ప్రభుత్వ శాఖ తీసినవియు నుండుట విశేషము. ఆ చరిత్రము నిచట సంగ్రహముగా పరిశీలింతము.

ఈ కథ సోవియట్ దేశమున ఆరంభమగును. ఆ దేశము భిలాయి వాసులకు క్రొత్త కాదు. 1955 ఫిబ్రవరిలో కుదిరిన ఒడంబడిక ననుసరించి, ఆ దేశపు సాయముతోనే ఇచటి ఉక్కు కర్మాగారము వెలసెను. 1959 ఫిబ్రవరి 4వ తేదీన మొదటి బ్లాస్ట్ ఫర్నేసును రాష్ట్రపతి రాజేంద్రప్రసాదుగారు ప్రారంభించిరి. దానికి ముప్పది యేండ్లు ముందుగా, 1929లో, జిగా వెర్తోవ్ అను దర్శకుడు 'మాన్ విత్ ఎ మూవీ కెమెరా' యను మూక చిత్రమును వెలువరించెను. అది లఘుచిత్రము కాకపోయినను, ఈ కోవకు చెందిన చిత్రముల కన్నిటికిని మూలపురుషుని వంటిది. అందు కథ లేదు, నటులు లేరు. నగర జీవనముతోపాటు, దానిని చిత్రించుచున్న ఛాయాగ్రాహకుడును తెరపై కనబడును. పరుగెత్తుచున్న బండి హఠాత్తుగా నిలిచిపోవును. మరుక్షణమున ఎడిటరైన స్విలోవా చేతిలోని ఫిల్ము చుట్టలు కనబడును. ఆమె ముక్కలను ఎన్ని అతికించినపుడు గదా ఆ నిశ్చల బింబములకు మరల చలనము కలుగుట! 1930లో వెర్తోవ్ దాన్‌బాస్ ప్రాంతపు బొగ్గు గనులను, ఇనుప కర్మాగారములను గూర్చి 'ఎంథూజియాజం' అను శబ్దచిత్రమును తీసి, యంత్రఘోషనే సంగీతముగా మలచెను.

మన దేశమున ఫిల్మ్స్ డివిజన్ 1948లో స్థాపింపబడెను. సినిమా లైసెన్సు షరతుల ప్రకారము, ప్రతి హాలులోను ప్రధాన చిత్రముతోపాటు ప్రభుత్వామోదము పొందిన వార్తాచిత్రమునో లఘుచిత్రమునో చూపవలసి యుండెను. ఆనకట్టలు, కర్మాగారములు, పంచవర్ష ప్రణాళికలు వాని ముఖ్య విషయములు. ఆ చిత్రములందు గంభీరమైన కంఠ మొకటి వినబడుచుండెను. అది ఎవరిదో, ఎవరి పక్షమున పలుకుచున్నదో ప్రేక్షకునకు తెలియదు. కార్యాలయమున ఎంత చిన్న టిప్పణి యైనను, దాని క్రింద వ్రాసినవాని పొట్టి సంతకము, తేదీ ఉండి తీరవలెను. కోట్ల ప్రజలు వినిన ఆ వ్యాఖ్యానమునకు అట్టి పొట్టి సంతకమైనను లేకుండెను.

శ్రీమతి ఇందిరా గాంధీ సమాచార ప్రసార శాఖా మంత్రిణిగా నున్న కాలమున, 1965లో, యునెస్కోలో పనిచేయుచుండిన జీన్ భౌనగరీ ఫిల్మ్స్ డివిజన్‌కు సలహాదారుగా వచ్చెను. ఆయన ప్రోత్సాహమున యువ దర్శకులకు క్రొత్త స్వేచ్ఛ లభించెను. ఎస్.ఎన్.ఎస్. శాస్త్రి 1967లో 'ఐ యామ్ ట్వంటీ' తీసి, స్వాతంత్ర్యముతోపాటు జన్మించిన యువతీ యువకులను వారి మాటలలోనే పలుకనిచ్చెను. మరుసటి యేట ఆయన తీసిన చిత్రము పేరు 'అండ్ ఐ మేక్ షార్ట్ ఫిల్మ్స్'. లఘుచిత్రములు తీయువాని మనోగతమే అందలి వస్తువు. ఈ చిత్రములెందుకు, ఎవరి కొరకు అను సందేహము చిత్రములోనే తలయెత్తును. ప్రమోద్ పతి 1968లో 'ఎక్స్‌ప్లోరర్' తీసి, కన్నుమూసి తెరచునంతలో బింబముపై బింబమును గుప్పించి, చూచుట యనగా నేమని ప్రేక్షకునే ప్రశ్నించెను. 1972 నాటి 'ఆబిద్' అను చిత్రమున చిత్రకారుడు ఆబిద్ సూర్తీని బొమ్మవలె ఒక్కొక్క ఫ్రేముగా కదలించి, తెరపై చలనమే ఒక కల్పన యని నిరూపించెను.

ఇవి కేవలము వినోదపు గారడీలు కావు. రాజ్యము తన ప్రజలకు చూపు చిత్రమున, 'దీనిని తీసినది మనుష్యుడే. అతనికిని సందేహములు కలవు' అను ఒప్పుదల ఇందు ఇమిడియున్నది. అట్టి ఒప్పుదల యెంత విలువైనదో తరువాతి చరిత్రమే తెలిపెను. 1975-77 నాటి అత్యవసర పరిస్థితిలో ప్రభుత్వ ప్రచార సాధనము లన్నియు ఒకే స్తోత్రమును వల్లించెను. ఆ దుర్వినియోగముపై 1977లో ప్రభుత్వమే శ్వేతపత్రమును ప్రకటించవలసి వచ్చెను. చిత్రము తీసినవాని జాడ మాసినకొలదియు, ప్రేక్షకుడు ప్రశ్నించుట మరచును.

2022 మార్చిలో వెలువడిన ఉత్తర్వు ననుసరించి ఫిల్మ్స్ డివిజన్ జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలో విలీనమయ్యెను. శాఖ పేరు మారినను, ఆ చిత్రములు మిగిలియున్నవి. మన ఊరివంటి ఊళ్ల నిర్మాణము దేశమునకు తెలిసినది పెక్కుపాళ్లు అట్టి లఘుచిత్రముల ద్వారానే. కొలిమిలో కరగు ఇనుమును తెరపై చూచి గర్వించుట సహజము. ఆ వెలుగును ఏ కోణమునుండి, ఎవరు, ఎందుకు పట్టి చూపిరని ఒక్కమారు ఆలోచించుట పౌరధర్మము. మన వార్షికోత్సవములందు నాటకముల సరసన ఇట్టి లఘుచిత్రము నొకదానిని ప్రదర్శించినచో, ఆ యలవాటు మన పిల్లలకును అబ్బగలదని నా విన్నపము.