సీమ చదువు - దినవ్యయము

ఒక కాలపు జీవితమును తెలిసికొనుటకు రాజుల ప్రశస్తులెంత ముఖ్యములో సామాన్యుని పద్దుపుస్తకము కూడ అంత ముఖ్యము. దేవాలయ శాసనములందు అఖండదీపమునకు నేయి యెంత, నైవేద్యమునకు బియ్యమెంత అని చెక్కిన పంక్తులనుండియే నాటి ధరవరలను మనము ఊహించుచున్నాము. 1830-31 సంవత్సరములలో కాశీయాత్ర చేసిన ఏనుగుల వీరాస్వామయ్యగారు మజిలీలను, బసలను, దారిలో దొరకు వస్తువులను విడువక వ్రాసినందున వారి గ్రంథము తరువాతి యాత్రికులకు మార్గదర్శియు, మనకు చరిత్రాధారమును అయినది. పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున మన యువకులు మరియొక విధమగు యాత్రకు బయలుదేరిరి. అది సీమ చదువు. ఆ యాత్రికుల దినవ్యయమును గూర్చి తెలుగున ప్రత్యేక పరిశీలన జరుగవలసియున్నది. అందులకు మిక్కిలి అనువైన ఉదాహరణము 1888 నుండి 1891 వరకు లండనులో న్యాయశాస్త్రము చదివిన మోహనదాస కరంచంద గాంధీ లెక్కలు.

ఈ విషయమున మనకు రెండు ఆధారములు గలవు. మొదటిది 1925 నుండి వారము వారము వెలువడిన ఆత్మకథ. అది ముప్పదియైదేండ్ల తరువాతి జ్ఞాపకము. రెండవది 1893-94 ప్రాంతమున దక్షిణాఫ్రికాలో వ్రాసిన లండను మార్గదర్శిని. సీమకు పోదలచిన విద్యార్థులకై రచింపబడిన ఈ చిన్న గ్రంథము ఆయన జీవితకాలమున అచ్చు కాలేదు. 1958లో సంపూర్ణ రచనల తొలి సంపుటమున వెలుగు చూచినది. ఒకటి పండిన వయసున చేసిన ఆత్మవిమర్శ. మరియొకటి అనుభవము పచ్చిగా నున్నపుడు చెప్పిన సలహా. రెంటిని కలిపి చదివినచో కొత్తవాని ఖర్చు మూడు పాళ్లుగా విడిపోవుట కాననగును. ఒకటి అక్కరకు, రెండవది మర్యాదకు, మూడవది తెలియమికి. ఈ మూడింటిలో అక్కరకైన వ్యయమే తక్కువ యనుట ఈ వ్యాసమునందలి ప్రధాన ప్రతిపాదన.

తెలియమితోనే లెక్క మొదలైనది. కుటుంబమిత్రుడగు మావజీ దవే నాలుగైదు వేల రూపాయలకు మించదని చెప్పగా విని గాంధీ బయలుదేరెను. లండనులో దిగిన చోటు విక్టోరియా హోటలు. అచట తిన్నదానికి, ఉన్నదానికి చీటీ మూడు పౌన్లు అయినది. తినుటకు తగిన పదార్థము దొరకక ఆయన దాదాపు పస్తులతో నుండియు ఆ మొత్తము చెల్లించెను. ఏ వీధిలో ఏ బస యెంతకు దొరకునో ముందు తెలిసినవానికి ఈ ఖర్చు లేదు. కనుక ఇది భోజనపు వెల కాదు, తెలియమి వెల.

తరువాతిది మర్యాద వెల. ఆంగ్ల పెద్దమనిషి కావలెనను కోరికతో చేసిన ఖర్చులను ఆయనయే పేర్కొనెను. పొడుగు టోపీకి పందొమ్మిది షిల్లింగులు. బాండు వీధిలో కుట్టించిన సాయంకాలపు దుస్తులకు పది పౌన్లు. నాట్యశిక్షణకు మూడు పౌన్లు. ఫిడేలుకు మూడు పౌన్లు. వక్తృత్వ శిక్షణకు తొలి రుసుము ఒక గినీ. నాడు పౌనుకు ఇరువది షిల్లింగులు, షిల్లింగునకు పండ్రెండు పెన్సులు, గినీకి ఇరువదియొక్క షిల్లింగులు. ఈ ఐదు పద్దులు కూడగా సరిగా 18 పౌన్లగును. ఆయన తరువాత ఒక గది తీసికొని, పొయ్యి కొని, ఉదయము ఓట్ల జావయు కోకోయు స్వయముగా కాచుకొని, పగలు బయట భుజించి, రాత్రి రొట్టెతోడను కోకోతోడను గడపిన దినములలో రోజునకు ఒక షిల్లింగు మూడు పెన్సులతో సరిపెట్టుకొనెను. దీనిని భోజనవ్యయముగా గ్రహించి లెక్కించినచో పై 18 పౌన్లు 288 దినముల భోజనమునకు సమానము. మూడు నెలల వ్యామోహము తొమ్మిది నెలలకు పైబడిన తిండిని మ్రింగినదన్నమాట.

పొదుపు ఒక్కనాట వచ్చినది కాదు. తొలుత ఆయన ఒక కుటుంబముతో నివసించెను. అచట వారపు చీటీయే గాక ఇంటివారిని అప్పుడప్పుడు విందులకు గొనిపోవు మర్యాదయు, బండి కిరాయిలును తోడయ్యెను. ప్రతి కాసును వ్రాసుకొను అలవాటుండుటచే ఈ చిల్లర పద్దులు కంటబడెను. అంత ఆయన అరగంటలో నడచి పనిచోటు చేరదగిన దూరమున రెండు గదులు తీసికొనెను. దినమునకు ఎనిమిది పది మైళ్ల నడక కిరాయిని తగ్గించి ఆరోగ్యమును పెంచినది. పిమ్మట రెండు గదులు ఒకటయ్యెను. ఈ తుది మార్పువలన నెలకు నాలుగైదు పౌన్లు మిగులునని ఆయన అంచనా. శాకాహార భోజనశాలలందును రెండు తరగతులుండెను. ఒకదానిలో భోజనము ఒకటి రెండు షిల్లింగులు. రెండవదానిలో మూడు వంటకములును రొట్టెముక్కయు ఆరు పెన్సులే. ఆ రెండవ తరగతియే పొదుపు దినములలో ఆయన భోజనస్థానము.

అయితే మర్యాద వెలను మానుకొనుట అన్నివేళల విద్యార్థి చేతిలో లేదు. ఇన్నర్ టెంపుల్ నియమము ననుసరించి పండ్రెండు టెర్ములలో టెర్మునకు కనీసము ఆరు విందులకు హాజరు కావలెను. విందు వెల రెండున్నర నుండి మూడున్నర షిల్లింగులు. ఆ లెక్కన 72 విందులకు తొమ్మిది పౌన్లు మొదలు పండ్రెండు పౌన్ల పండ్రెండు షిల్లింగుల వరకు అగును. మాంసమును మద్యమును ముట్టని గాంధీ ఆ బల్లపై తినదగినవి తొలుత రొట్టె, ఉడికిన బంగాళాదుంపలు, క్యాబేజీ మాత్రమే. తినని విందుకును వెల తప్పదు. సంస్థ విధించిన మర్యాద పొదుపునకు లొంగదు.

విద్యార్థి చేతిలో లేనిది మరియొకటి గలదు. అది రూపాయి మారకము. 1870 ప్రాంతమున సుమారు రెండు షిల్లింగులుగా నున్న రూపాయి, వెండి ధర పడిపోవుటచే 1888-89లో సగటున పదునారు పెన్సుల చిల్లరకును, 1894-95లో పదుమూడు పెన్సుల చిల్లరకును దిగెను. లండను మార్గదర్శినియందు వారమునకు ఒక పౌనుతో జీవింపవచ్చునని గాంధీ నిరూపింపబూనెను. ఏడాదికి 52 పౌన్లు. ఇది తొలి మారకమున సుమారు 760 రూపాయలు. రెండవ మారకమున సుమారు 950 రూపాయలు. లండనులో ఒక్క రొట్టెముక్కయైన అధికముగా తినకయే ఇంటివారు సుమారు 190 రూపాయలు ఎక్కువ పంపవలసి వచ్చెను. 1893లో ప్రభుత్వము టంకశాలలలో ప్రజల వెండికి నాణెములు కొట్టుట మాన్పినను, రూపాయి ఒక షిల్లింగు నాలుగు పెన్సులకడ నిలుచుటకు కొన్నియేండ్లు పట్టెను.

ఇట్లు చూచిన మార్గదర్శిని ప్రయోజనము స్పష్టమగును. తెలియమి వెలను తొలగించి, అనవసరమైన మర్యాద వెల ఇది యని చూపి, అక్కర వెలను మాత్రము మిగుల్చుటయే దాని ఉద్దేశము. వస్త్రముల పట్టికను ధరలతో సహా ఇచ్చుట అందులకే. సీమ చదువు ధనికులకే యను నమ్మకమును అంకెలతో ఎదుర్కొనిన రచన యిది.

కాని దీనికి ఒక హద్దు గలదు. గాంధీకి అడిగినపుడెల్ల ధనము పంపిన అన్నగారుండిరి. అట్టి అండ లేనివాని మాట యేమి? భీమరావు రాంజీ అంబేడ్కరు 1913లో బరోడా సంస్థానమిచ్చిన నెలకు పదకొండున్నర పౌన్ల వేతనముతో అమెరికాకు పోయెను. ఆ వేతనము ముగియగా 1917లో లండను చదువును మధ్యలో విడిచి స్వదేశమునకు రావలసివచ్చెను. కూడబెట్టిన జీతము, కొల్హాపురపు షాహూ మహారాజు సాయము, మిత్రుని అప్పు చేకూరిన పిమ్మటనే 1920లో తిరిగి పోగలిగెను. ఆ యేటి తొలినెలలలో రెండు షిల్లింగులను మించిన రూపాయి 1921 నాటికి ఒక షిల్లింగు నాలుగు పెన్సులకు దిగువకు జారినది. అట్టి దినములలో లండనులో చదివిన విద్యార్థి 1923లో ప్రకటించిన పరిశోధనగ్రంథము రూపాయి సమస్యను గూర్చినదే యగుట గమనింపదగినది. మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మామగారి సాయముతోను, కాకినాడ సత్యలింగ నాయకరు ధర్మసంస్థ వాగ్దానముతోను బోస్టను చేరి, అచటి ఆసుపత్రిలో రాత్రివేళ పరిచారకవృత్తి చేయుచు చదువు సాగించెను. వీరికి పొదుపు ఒక వ్రతము కాదు, నిర్బంధము. లేని ధనమును ఏ పద్దుపుస్తకమును పొదుపు చేయజాలదు.

కావున రెండు విషయములు తేలుచున్నవి. ముందు పోయినవాడు తన ఖర్చును దాచక వ్రాసి వెనుక వచ్చువానికిచ్చుట ఒక విద్యాదానము. అది తెలియమి వెలను తీర్చును. అక్కర వెలను తీర్చుటకు మాత్రము వేతనములు, ధర్మనిధులు, సమాజపు చేయూత కావలెను. నేడును తెలుగునాట అనేక కుటుంబములు అప్పుచేసి పిల్లలను విదేశములకు పంపుచున్నవి. పౌనుకు మారుగా డాలరు వచ్చినను, ఆ మూడు పాళ్లు మారలేదు. వారి పద్దులను కూడ భద్రపరచుట రాబోవు చరిత్రకారునికి మనము చేయదగిన ఉపకారము.