గోదావరి రాళ్ళలో సముద్రపు పంచాంగము

వన్ టౌన్ రేవునుండి నిత్యము మేము చూచు డాల్ఫిన్స్ నోస్ కొండ తన వయస్సును శిలాజములతో చెప్పజాలదు. భూగర్భపు వేడికి పూర్తిగా మారిపోయిన రాయి యది. కడలి లెక్కకు మేము రాజమహేంద్రవరము వైపు చూడవలసినదే. అచ్చటి గౌరీపట్నము క్వారీలలో రెండు లావా పొరల నడుమ సముద్రపు బురద శిలయై యున్నది. ఆ ప్రాంతపు నత్తగుల్లలను, ఆల్చిప్పలను 1860లోనే హిస్లాప్ వర్ణించెను. వానితో వయస్సు తేలలేదు.

తేల్చినవి ఆవగింజకన్న చిన్నవైన ఫోరామినిఫెరా అను ఏకకణజీవుల సున్నపు గుల్లలు. నీటిపై తేలు ఈ జాతులు సముద్రములన్నిట వ్యాపించి, త్వరగా మారిపోవును. కావున జాతిని బట్టి పొర కాలము చెప్పవచ్చును. 2008లో గెర్టా కెల్లర్ బృందము క్రింది లావాపై నున్న పొరలో, డైనోసారులు నశించిన వెంటనే పుట్టిన జాతులను గుర్తించినది. అనగా ఆ లావా ప్రవాహము 6.6 కోట్ల యేండ్లనాటి ప్రళయమునకు చేరువలో ఆగినది. ఆ ప్రళయమునకు కారణము లావాయా, ఆకాశమునుండి పడిన శిలయా యను వాదము ఇంకను తెగలేదు.