చక్రం విరిగింది, చట్టం మారింది

కారులో పిల్లల సీటు లోపం వల్ల బిడ్డకు దెబ్బ తగిలితే ఎవరిని అడగాలి? అమ్మినోడినా, తయారు చేసినోడినా? మేం చదివింది చెప్తున్నాం.

అమెరికాలో ఒకప్పుడు చాలా కేసుల్లో అమ్మినోడినే అడగాలి, కంపెనీ తప్పించుకునేది. మాక్‌ఫెర్సన్ అనే ఆయన కొన్న బ్యూక్ కారు కర్ర చక్రం విరిగి గాయపడ్డాడు. చక్రం వేరేవాళ్లు చేసినా, సరిగా పరీక్షించని కంపెనీదే బాధ్యతని 1916లో న్యూయార్క్ జడ్జి కార్డోజో తీర్పు రాశారు.

మన దగ్గర 1986లో వినియోగదారుల చట్టం వచ్చింది. లోపమున్న వస్తువుతో గాయమైతే తయారీదారు పరిహారం కట్టాలని 2019 చట్టం నేరుగా చెప్పింది. మనముండే జిల్లా కమిషన్‌లోనే 2 ఏళ్లలోపు ఫిర్యాదు చేయొచ్చు.

మనోళ్లకు కార్లు తక్కువే. కానీ కుక్కర్లు, ఛార్జర్లు గూడేలకూ వచ్చాయి. వాటికీ ఇదే చట్టం. సంతలో కొన్నా బిల్లు అడుగుదాం, పేలిన వస్తువును పారేయకుండా దాచుదాం. అదే మన సాక్ష్యం.