శస్త్రచికిత్సకు ముందు మాటసాయము

పెద్ద ఆపరేషను అనగానే రోగికి భయము కలుగుట సహజము. మత్తునుండి మేలుకొందునా, నొప్పిని ఎట్లు ఓర్చుకొందును, ఇంటివారి గతి ఏమి అను ప్రశ్నలు అతనిని నిద్రపోనీయవు. ఈ భయమును తీర్చుట కూడ చికిత్సలో భాగమేనని వైద్యులు తెలిసికొనుటకు చాల కాలము పట్టినది.

సుశ్రుతసంహితలో మూత్రాశయమునందలి రాతిని కోసి తీయు విధానము చెప్పుచోట ఒక హెచ్చరిక కలదు. శస్త్రము చేయనిచో మరణము నిశ్చయము, చేసినను ఫలితము సందేహము. కావున ప్రభువు అనుమతి పొందిన పిమ్మటనే చేయవలెనని దాని భావము. అపాయమును ముందుగా తెలుపవలెనను నీతి ఇందు కలదు. అయితే ఇక్కడ అనుమతి ఇచ్చువాడు ప్రభువు.

1846 అక్టోబరు 16వ తేదీన బోస్టను నగరములో ఈథరు మత్తుతో చేసిన ఆపరేషనును పలువురు చూచిరి. మరుసటి ఏడు క్లోరోఫారము వాడుకలోనికి వచ్చెను. కోతబాధ తొలగెను. కాని స్పృహలేని స్థితిలో తన ప్రాణమును పరులకు అప్పగించుటకు రోగికి కొండంత నమ్మకము కావలసి వచ్చెను.

తెలుగుదేశమున ఆ నమ్మకము కుటుంబముద్వారా రావలసి యుండెను. ఘోషా పాటించు ఇండ్లలోని స్త్రీలు పురుషవైద్యులవద్దకు పోవుటకు జంకెడివారు. 1883లో గుంటూరు వచ్చిన అమెరికను వైద్యురాలు అన్నా సారా కుగ్లర్, తరువాత రాజమహేంద్రవరమున పనిచేసిన లిడియా వోర్నర్ అట్టివారికి వైద్యము చేసిరి. 1925 నుండి 2022 వరకు పశ్చిమగోదావరి జిల్లాకు ముఖ్యపట్టణమైన ఏలూరులో రాజా మంత్రిప్రగడ భుజంగరావు అను సాహిత్యాభిమానియైన జమీందారు ఉండెడివారు. ఆయన కుగ్లర్ సేవకు కృతజ్ఞతగా గుంటూరు ఆసుపత్రి చెంత రోగుల బంధువులు దిగుటకు సత్రము కట్టించిరి. తనవారు దగ్గర నున్నారన్న ధైర్యము రోగికి మందుతో సమానమని ఆ సత్రము చాటినది.

ఈ ధైర్యమును కొలిచి చూచినవారు బోస్టను వైద్యులే. 1964లో ఎగ్బర్ట్, ఆయన సహచరులు ప్రకటించిన పరిశోధనలో, ఉదరమునకు ఆపరేషను జరుగు 97 మందిని రెండు వర్గములుగా విభజించిరి. ఒక వర్గమువారికి మత్తువైద్యుడు ముందుగానే నొప్పి ఎక్కడ కలుగును, ఎందుకు కలుగును, కండరములను ఎట్లు సడలించవలెను అని వివరించెను. వారికి నొప్పి తగ్గించు మందు దాదాపు సగమే అవసరమయ్యెను. ఈ సంగతి శస్త్రవైద్యులకు తెలియకపోయినను, వారు ఆ రోగులను సగటున 2.7 రోజులు ముందుగా ఇంటికి పంపిరి. భయపడినపుడు శరీరములో అడ్రినలిను పెరిగి, గుండె వేగముగా కొట్టుకొనును. కండరములు బిగిసి, నొప్పి హెచ్చును. ముందే తెలిసిన నొప్పి అంతగా బెదరించదు.

రోగి బెదరునని ఇంటివారు నిజము దాచుట కలదు. దీనివలన అపాయము రావచ్చును. కడుపు ఖాళీగా ఎందుకు ఉండవలెనో తెలియని రోగి, ఎవరును చూడకుండ కాఫీ త్రాగవచ్చును. మత్తులో అది పైకి వచ్చి ఊపిరితిత్తులలోనికి పోయినచో ప్రాణమునకే ముప్పు.

2008లో భారత సుప్రీంకోర్టు, సమీరా కోహ్లీ కేసులో, మత్తులో నున్న వయోజనురాలి బదులు తల్లి ఇచ్చిన సమ్మతి చెల్లదని తీర్పు చెప్పెను. ఒకప్పుడు ప్రభువును అడిగిన ప్రశ్న ఈనాటికి రోగివద్దకు చేరినది. కుటుంబము ధైర్యము చెప్పవలెను. వైద్యుడు వివరము చెప్పవలెను. సరేననవలసినది మాత్రము రోగియే.