సహజ స్ఫటికం నుంచి డోపింగ్ వజ్రం దాకా: వికిరణ కొలతల చరిత్రలో నెల్లూరు అభ్రకం, కొల్లూరు వజ్రం

పశ్చిమ నెల్లూరు చరిత్రలో ఉదయగిరి అనగానే దుర్గమూ, 1514లో శ్రీకృష్ణదేవరాయలు దానిని గజపతుల నుంచి గెలుచుకోవడమూ ప్రస్తావనకు వస్తాయి. దానికి ఆగ్నేయాన ఉన్న ఆత్మకూరు పేరు భూగర్భశాస్త్ర గ్రంథాలలో మరో కారణంగా కనబడుతుంది. గూడూరు, రాపూరు, కావలి ప్రాంతాలతోపాటు నెల్లూరు అభ్రక మేఖలలో అదొక భాగం. అభ్రకాన్ని మనం విద్యున్నిరోధకంగా, ఎగుమతి సరుకుగా మాత్రమే తలచుకుంటాం. వికిరణాన్ని నమోదు చేసే పదార్థంగా దానికి వేరే చరిత్ర ఉంది. నేటి కృత్రిమ వజ్రపు మోతాదు మాపకం ఎందుకు అవసరమైందో ఆ చరిత్రతో కలిపి చూస్తే స్పష్టమవుతుంది.

ఈ మేఖలలోని పెగ్మటైట్ శిలల్లో మస్కోవైట్ అభ్రకంతోపాటు సమర్‌స్కైట్ వంటి యురేనియం గల ఖనిజాలూ దొరికాయి. యురేనియం కేంద్రకం చీలినప్పుడు వెలువడే శకలాలు అభ్రకపు పొరల్లో అతిసూక్ష్మమైన జాడలు విడుస్తాయి. 1959లో ఇంగ్లండులో సిల్క్, బార్న్స్ ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో వాటిని చూశారు. 1962లో అమెరికాలో ప్రైస్, వాకర్ హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో ఆ జాడలను వెడల్పు చేసి మామూలు సూక్ష్మదర్శినికి అందేట్లు చేశారు. జాడలను లెక్కించి శిల వయసు కట్టే పద్ధతికి ఇదే పునాది. అయితే గట్టిగా వేడెక్కితే జాడలు మాసిపోతాయి. అంతకన్నా ముఖ్యమైన హద్దు మరొకటి: ఎక్స్ కిరణాలు, గామా కిరణాలు అభ్రకంలో అటువంటి జాడలు వేయవు. క్యాన్సర్ రోగికి అందే మోతాదు కొలవడానికి ఈ పద్ధతి చాలదు.

ఆ పనికి వజ్రం తగినది. కర్బనం పరమాణు సంఖ్య 6. మానవ కణజాలపు సగటు విలువ సుమారు 7.4. సిలికాన్‌ది 14. కనుక వజ్రం వికిరణశక్తిని దాదాపు శరీరంలాగానే గ్రహిస్తుంది. చిక్కంతా సహజ వజ్రంలోని మాలిన్యాలతోనే. ఏ రాయిలో ఎంత నత్రజని ఉందో, ఏ లోపం ఎక్కడ ఉందో ముందుగా నిర్ణయించలేం. సహజ వజ్రంతో చేసిన మాపకాలు వాడుకలోకి వచ్చాయి గాని, వాటికి తగిన రాయిని ఏరుకోవలసి వచ్చేది. పైగా బయటినుంచి వోల్టేజీ ఇచ్చి, కొలతకు ముందే కొంత వికిరణం సోకించవలసి ఉండేది.

మాలిన్యం చేసే పనికి మన నేల నుంచే ప్రసిద్ధమైన దృష్టాంతం ఉంది. కొల్లూరు గనిదని పలువురు భావించే నీలి వజ్రాన్ని తావెర్నియే 1668లో పద్నాలుగో లూయీకి అమ్మాడు. దానినుంచే వచ్చిన 45.52 క్యారెట్ల హోప్ వజ్రం 1958 నుంచి స్మిత్సోనియన్‌లో ఉంది. దాని నీలిమకు కారణం లేశమాత్రపు బోరాన్. అతినీలలోహిత కాంతి సోకించి దీపం ఆర్పితే అది కాసేపు ఎర్రగా వెలుగుతుంది. స్ఫటికంలో చిక్కుకున్న ఆవేశాలు తిరిగి కలుస్తున్న వెలుగు అది. చరిత్రకారులు దాని యజమానుల జాబితాకు ఇచ్చిన చోటులో పదోవంతు కూడా ఈ ఎర్రని వెలుగుకు ఇవ్వలేదు.

1954 డిసెంబరులో జనరల్ ఎలక్ట్రిక్ ప్రయోగశాల కృత్రిమ వజ్రాన్ని సాధించింది. తరువాత మీథేన్, హైడ్రోజన్ వాయువుల నుంచి పొరలుగా వజ్రాన్ని పెంచే పద్ధతి కుదిరాక, బోరాన్‌ను కావలసినంత, కావలసిన పొరలోనే కలపడం సాధ్యమైంది. రోమ్‌లోని టోర్ వెర్గాటా విశ్వవిద్యాలయ పరిశోధనల ఆధారంగా జర్మనీకి చెందిన పీటీడబ్ల్యూ సంస్థ 2013 ప్రాంతంలో విడుదల చేసిన మాపకం ఇందుకు మంచి ఉదాహరణ. అందులో బోరాన్ కలిపిన పొర విద్యుత్తును చేరవేస్తుంది. దానిపై సుమారు ఒక మైక్రోమీటరు మందాన ఉన్న శుద్ధ వజ్రపు పొర వికిరణాన్ని గ్రహిస్తుంది. పైనున్న లోహపు పూతకూ వజ్రానికీ మధ్య ఏర్పడే విద్యుత్ క్షేత్రమే ఆవేశాలను లాగుతుంది గనుక బయటి వోల్టేజీ అక్కరలేదు. గ్రాహక భాగం ఘనపరిమాణం 0.004 ఘన మిల్లీమీటర్లు. కొద్ది మిల్లీమీటర్ల వెడల్పున్న కిరణపుంజంతో మెదడులోని కణితికి చికిత్స చేసేటప్పుడు, పెద్ద అయనీకరణ గది పుంజం మధ్యభాగపు మోతాదును చుట్టుపక్కల దానితో కలిపి సగటు చేసి తక్కువగా చూపుతుంది. ఈ చిన్న వజ్రంలో ఆ దోషం బాగా తగ్గుతుంది. అయినా అతిచిన్న పుంజాలలో ఇది కొంచెం ఎక్కువ చూపే స్వభావం ఉంది. అందుచేత దిద్దుబాటు గుణకాలు వాడుతున్నారు. ప్రతి మాపకాన్నీ ప్రామాణిక అయనీకరణ గదితో సరిచూసుకోవలసిందే.