కల్లుముంతయు రాజశాసనమును

హోసూరునుండి రాయకోటకు పోవు త్రోవలో ఉద్దనపల్లి యను గ్రామము కలదు. నేడది తమిళనాడులోని కృష్ణగిరి జిల్లాకు చెందినను, తెలుగు, కన్నడము, తమిళము మూడును ఒకే సంతలో బేరమాడుకొను మిట్టసీమలోనిది; ఊరిపేరున వలెనే ఊరివారి నోటను తెలుగు నిలిచియే యున్నది. రాగులును ఉలవలును ఆ నేలకు పాతపంటలు, గులాబీలును టొమేటాలును క్రొత్తవి. వాగుల యొడ్డులను చేలగట్లను నిలిచియుండు ఈతచెట్లు మాత్రము ఎవరును పనిగట్టుకొని నాటినవి కావు. పౌరుని స్వేచ్ఛయందును వర్తకమునందును ప్రభుత్వ మెంతవరకు చేయిపెట్టవచ్చునను ప్రశ్న పండితుల గ్రంథములలో ఎంత గంభీరముగా కనబడినను, ఈ సీమవారికి అది యీ ఈతచెట్ల మొదటనే యెదురయ్యెను.

1792లో టిప్పుసుల్తానుతో జరిగిన సంధివలన కృష్ణగిరి చుట్టునున్న బారామహలును, 1799లో శ్రీరంగపట్టణము కూలిన పిమ్మట హోసూరు ప్రాంతమును కుంఫిణీవారి వశమైనవి. అలెగ్జాండరు రీడు దొరయు, ఆయనక్రింద పనినేర్చిన టామస్ మన్రోయు రైతువారీ పద్ధతికి పాదువేసినది బారామహలులోనే. నేలపై శిస్తు వేసిన ప్రభుత్వము చెట్టును విడిచిపెట్టునా? అబ్కారీ చట్టములు వచ్చిన పిదప, చెట్టెక్కి గీయువాడు ఈడిగయైనను, చెట్టుపన్ను సర్కారుది. దుకాణము వేలములో పాడుకొన్న గుత్తదారుది. పన్నుకట్టని ముంత నేరపుముంత. మద్యనిషేధముతోనే ప్రభుత్వము కల్లంగడిలో తొలిసారి కాలుపెట్టినదని వాదించువారు తరచుగా మరచు సంగతి యిదియే. ఆ యంగడి ఏనాడును స్వేచ్ఛావిపణి కాదు. దానిలోని పెద్ద వాటాదారు సర్కారే. 1937 నాటికి చెన్నరాష్ట్రపు రాబడిలో సుమారు నాలుగవ పాలు అబ్కారీవలననే వచ్చుచుండెనన్న, ఆ వాటా ఎంతటిదో ఊహింపవచ్చును.

ఆ రాబడిని వలదనుకొన్నవాడు ఈ సీమలో పుట్టినవాడే యగుట విశేషము. హోసూరు చెంతనున్న తొరపల్లిలో 1878 డిసెంబరు 10న, ఆ గ్రామపు మునసబుగారింట, చక్రవర్తి రాజగోపాలాచారి (రాజాజీ) జన్మించెను. హోసూరు బడిలో చదివి, సేలములో వకీలై, 1925లో తిరుచ్చెంగోడు దగ్గర ఆశ్రమము స్థాపించి, కల్లువలన పల్లెకాపురము లెట్లు కూలునో చేరువనుండి చూచినవాడాయన. 1937 జూలైలో చెన్నరాష్ట్రమునకు ప్రధానమంత్రియైన మూడునెలలలోపున, అక్టోబరు 1వ తేదీనుండి, తన సొంతజిల్లాయైన సేలములోనే మద్యనిషేధమును అమలు పెట్టించెను. హోసూరు, కృష్ణగిరి తాలూకాలు అప్పుడు ఆ జిల్లాలోనివే కావున, ఉద్దనపల్లి చుట్టుపట్ల కల్లంగళ్లును సారాదుకాణములును ఒక్కనాటితో మూతపడవలసివచ్చెను.

దుకాణము మూయించుట ప్రభుత్వమునకు చేతనగును. చెట్టును మూయించుట చేతగాదు. గీసిన కుండలోని తీపిరసము ప్రొద్దెక్కునప్పటికి తనంత తానే పులిసి కల్లగును. దానికి బట్టీ యక్కరలేదు, యంత్ర మక్కరలేదు. కావున కుండలోపల సున్నము పూసి, పులియనీయక దింపిన తీపికల్లును బెల్లముగా వండుకొనుటకు మాత్రము అనుమతి లభించెను. ఉద్దేశము మంచిదే. కాని దాని యర్థమేమి? ఒక కుండకు సున్నమున్నదో లేదో చూచుటకు ప్రభుత్వము చెట్టుచెట్టునకు పోవలసినదని యర్థము. స్వేచ్ఛకు హద్దులు గీయ సంకల్పించిన శాసనము తన హద్దు ఎక్కడనో తానే యెరుగని దశ యిది.

దీనికితోడు సరిహద్దు. హోసూరు తాలూకాను ఆనుకొని మైసూరు సంస్థానము, కృష్ణగిరి తాలూకాను ఆనుకొని చిత్తూరు జిల్లా. చిత్తూరునకు 1938లో నిషేధము ప్రాకినను, మైసూరు మహారాజుగారి యబ్కారీ మన శాసనసభ యాజ్ఞకు బద్ధమైనది కాదు. పట్టపగలు నడచి గట్టుదాటినచో చట్టబద్ధమై, వెనుకకు వచ్చునప్పటికి నేరమగు త్రాగుడు ఈ సీమవారికి దక్కిన వింత. కడుపులో మోసికొనివచ్చినదానికి ఏ చెక్‌పోస్టు సరిపోవును?

అయినను ఆ తొలిదినములలో అనేక కుటుంబములకు మేలు జరిగినదని ఒప్పుకొనక తప్పదు. కూలిడబ్బులు ఇల్లు చేరినవని, స్త్రీలు సంతోషించిరని నాటి పరిశీలకులు వ్రాసిరి. వారిమాట త్రోసివేయుటకు కారణము లేదు. ప్రశ్న మేలును గూర్చినది కాదు. ఆ మేలునకై మూల్యమెవరు చెల్లించిరనునది. ఈడిగ తన వృత్తిని చెల్లించెను. వర్తకుడు మరియొక విధమున చెల్లించెను: పోయిన అబ్కారీ రాబడిని పూడ్చుకొనుటకు 1939లో చెన్నరాష్ట్రము సాధారణ అమ్మకపు పన్ను చట్టమును చేసెను. దేశములో ఈ జాతి పన్నులలో అదియే మొదటిది. కల్లు మానిన రైతు అంగడిలో సరుకులు కొనినప్పుడు ఆ భారము వానిమీదికే మెల్లగా దిగెను. నిషేధము యుద్ధకాలమున నిలిచిపోయెను, 1946లో మరల వచ్చెను, 1948 అక్టోబరు 2 నాటికి రాష్ట్రమంతట వ్యాపించెను. అమ్మకపు పన్ను మాత్రము ఒక్కనాడైనను సెలవు తీసికొనలేదు. ప్రభుత్వములకు పుణ్యకార్యములు తాత్కాలికములు, వానికై వేసిన పన్నులు శాశ్వతములు.

జాన్ స్టూవర్టు మిల్లు 1859లో స్వేచ్ఛనుగూర్చి గ్రంథము వ్రాయుచు, అమెరికాలోని మెయిన్ రాష్ట్రపు మద్యనిషేధమును ప్రత్యేకముగా ఖండించెను; అమ్మువానిని నిరోధించుట కొనువాని స్వేచ్ఛను హరించుటయే యని ఆయన తర్కము. ఆ మిల్లు ఉద్యోగజీవితమంతయు లండనులోని కుంఫిణీ కచేరిలో హిందూదేశపు కాగితములు దిద్దుటలోనే గడచినది. ఆ కుంఫిణీ ఇక్కడ అబ్కారీ గుత్తలతో తిన్న సొమ్మునుగూర్చి కూడ ఆయన ఒక అధ్యాయము వ్రాసియుండిన బాగుండెడిది. అమెరికావారు 1920లో దేశమంతటికి నిషేధము విధించి 1933లో ఎత్తివేసిరి. నాలుగేండ్లు తిరుగకమునుపే రాజాజీ సేలములో దానిని ప్రారంభించెను. త్రాగువాడు తన కూలితోపాటు ఆలుబిడ్డల గంజిని కూడ త్రాగుచున్నాడు గనుక అది వాని సొంతవిషయము కాదనుట రాజాజీ పక్షము. మిల్లు తర్కము దీనికి పూర్తి సమాధానము కాదని నా యభిప్రాయము.

ఇంతకంటె వింత, త్రాగుబోతును నమ్మని ఆ మహనీయుడే రైతును, వర్తకుని నమ్మినాడు. యుద్ధకాలమున వచ్చిన ఆహారనియంత్రణము స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మటను తొలగలేదు. రేషను కార్డులేనిదే బియ్యము లేదు, పర్మిటు లేనిదే ఒక జిల్లాధాన్యము వేరొక జిల్లాకు పోరాదు, పండించినవాడు నిర్ణీతధరకు సర్కారునకు కొలిచి యీయవలయును. 1952 ఏప్రిలులో తిరిగి ముఖ్యమంత్రియైన రాజాజీ జూన్ నెలలోనే ఆ నియంత్రణమును ఎత్తివేసెను. కరవు వచ్చునని భయపడినవారు అనేకులు, రాలేదు. 1959లో మన ఆచార్య రంగాగారు అధ్యక్షులుగా స్వతంత్రపార్టీ వెలసినప్పుడు, లైసెన్సు, పర్మిటుల రాజ్యముమీద రాజాజీ ఎత్తిన ధ్వజమునకు మూలము ఈ 1952 అనుభవములో చూడవచ్చును. అయినను మద్యనిషేధమును ఆయన కడవరకు విడువలేదు. తిండివిషయమున సర్కారు తప్పుకొనవలయును, త్రాగుడున నిలువవలయును: ఇది వైరుధ్యమని యెత్తిపొడిచినవారు కలరు. నాకు మాత్రము దీనిలో ఒక సూత్రము కనబడుచున్నది. ప్రభుత్వము దేనినైనను నిషేధింపవచ్చును గాని, జనుల దౌర్బల్యముమీద రాబడి తీయరాదని ఆయన నమ్మెను.

తక్కిన ఆంధ్రులకు ఈ పాఠము వేరుదారిని వచ్చినది. నిషేధమును ఎత్తివేయుమన్న రామమూర్తి సంఘపు నివేదికను త్రోసిపుచ్చిన ప్రకాశంగారి మంత్రివర్గము 1954 నవంబరులో ఒక్క వోటుతో కూలెను. నాలుగు దశాబ్దముల పిమ్మట, నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు లేవదీసిన ఉద్యమఫలముగా 1995లో వచ్చిన నిషేధము 1997లో తొలగిపోయెను.

తమిళనాట 1971 ఆగస్టు 30న నిషేధము నిలిచిపోయెను. అంతకుముందు, తొంబదిరెండేండ్ల రాజాజీ వానలో ముఖ్యమంత్రి కరుణానిధిగారి యింటికి పోయి, వలదని వేడుకొనెను; ఫలింపలేదు. తరువాతి తెరచుట, మూయుటల లెక్కలు విసుగు పుట్టించునవి. 1983లో సర్కారు టాస్మాకు అను సంస్థను స్థాపించి మద్యపు టోకు వర్తకమును, 2003లో చిల్లర యంగళ్లను సైతము, తన చేతిలోనికి తీసికొనెను. ఏ రాజాజీ యే రాబడిని వలదనెనో, ఆ రాబడి ఆయన పుట్టిన సీమలోనే ప్రభుత్వపు బల్లమీదికి రూపాయలుగా తిరిగివచ్చినది.

నిషేధము పోయిన దినమున స్వేచ్ఛ వచ్చినదని పొరబడరాదు. 1987 జనవరి 1నుండి తమిళనాట కల్లు అమ్ముట నేరము. ఆ నిషేధము నేటికిని తొలగలేదు. సరిహద్దు దాటి ఆంధ్రదేశమునకు పోయిన అదే కల్లు చట్టబద్ధము. ఉద్దనపల్లి చేనిగట్టున ఈతచెట్టు నేటికిని ఊరుచున్నది గాని, దానిని గీసి కల్లమ్మువాడు నేరస్థుడు. అదే తాలూకాలో సీసాలోనిది అమ్ము సర్కారు దుకాణము మధ్యాహ్నము 12 గంటలకు తెరువబడి, రాత్రి 10 గంటలకు మూయబడును.